అక్క ఇచ్చిన విత్తనాలు

సంస్థానాల కాలం అది. ముందటేడు మా కుంట నిండలేదు. బల్మూర్ దగ్గర మాకున్న రెండు మడులూ బీడు పడినయి. విత్తనానికని దాచిన వడ్లు గూడ దంచుకొని తిన్నం. మల్ల వానలు పడంగనే వనపర్తి దిక్కున్న మా అక్క ఇంటికి పోయిన. అమ్మ పోయినంక నన్ను సాకింది అక్కనే. నేను నోరు తెరవకముందే గుమ్మిలకెంచి వడ్లు తీసి బస్తా నింపింది. తోవల తినమని సద్ది గూడ కట్టింది.

ఇంటికొచ్చి నానబెట్టి, మొలకలొచ్చినంక నారు పోసినం. పదిహేను రోజులకు నడుమ నడుమ కొన్ని మొక్కలు మిగిలినవాటికంటె జానెడు ఎత్తు లేచినయి. సన్నగ, పాలిపోయినట్టు ఉన్నయి. అయినా ఎత్తు చూసి మా ఆయన మురిసిండు.

"మీ అక్క చెయ్యి మంచిది" అన్నడు.

నాకు గర్వమైంది. నాట్లేసినంక మిగిలిన నారు పక్క మడి వదినెకు ఇచ్చిన. ఆమె కూలి చేసుకుంట ఆ ఒక్క మడినే కౌలుకు పట్టింది.

నెల తిరగకముందే ఆ పొడుగు మొక్కలు ఎండుడు మొదలైంది. పీకి చూస్తే నీళ్లపైన కణుపులకు గూడ వేర్లు పుట్టినయి, మొదలుకాడ లేత గులాబి రంగు బూజు. బతికినవి ఈనినా అన్నీ తాలు గింజలే. వదినె మడిల గూడ అట్లనే అయింది.

"ఏం నారు ఇచ్చినవే నాకు?" అన్నది ఆమె గట్టు మీద నిలబడి.

ఆ వారమే అక్క ఊరికి పోయిన. వాళ్ల మడి ఒక్క తీరుగ పచ్చగున్నది. నన్ను చూడంగనే బావ తుండుగుడ్డ భుజానేసుకొని బయటికి పోయిండు.

"అక్కా, మా మడిల మొక్కలు పొడుగు లేసి సచ్చినయి. నాకిచ్చిన ఇత్తనాలే మీరూ పోసిన్రా?"

ఆమె చాటల బియ్యం ఏరుతనే ఉన్నది. "కాదు. నీకిచ్చినయి కింది మడియి. పోయినేడు అండ్ల గట్లనే మొక్కలు లేసి సచ్చినయి. మంచియి మాకే సరిపోయేటట్టుండె. మీ నీళ్లు వేరే గదా, మీకాడ గట్ల కాదనుకున్న."

"చెప్పొద్దా?"

"చెప్తే తీస్కపోతుంటివా?"

అన్నం వడ్డించింది. ముట్టకుండ లేచొచ్చిన.

వదినెకు అంతా చెప్పిన. "నీకు తెల్వదు గదా" అన్నది గని, మల్ల ఎన్నడూ నా నారు పట్టలేదు.

శానా ఏండ్లకు వ్యవసాయం ఆఫీసాయన ఒకరు ఊరికొచ్చి చెప్పిండు. ఆ తెగులు బూజు వల్లనే వస్తదట. రోగపు మొక్క మీది బూజు గాలికి పక్క వెన్నుల మీద పడి గింజల చేరుతదట. గింజ చూపుకు మంచిగనే ఉంటది, నారు పోస్తె బయటపడుతది. అక్కకు బూజు సంగతి తెల్వకపోవచ్చు. మొక్కలు సచ్చిన సంగతైతె తెల్సు.

ఆమె పోయిన నాడు అందరికంటె ముందు నేనే చేరుకున్న, నా చేతులతోనే నీళ్లు పోసిన. ఏడుపు మాత్రం రాలేదు.