సగం అన్నం మీద మూత

ముందే చెబుతున్నాను, నేను దోమను చూసొచ్చి ఏనుగని చెప్పే రకం. సగం తగ్గించుకుని చదవండి.

మా అక్క భర్త, అంటే మా బావ, వియత్నాంలో పిల్లలకు ఇంగ్లీషు చెబుతాడు. భిలాయిలో మా ఖుర్సీపార్ పేట తెలుగువాళ్ల ఫోన్లు "ఏటి కూర?" అనే ప్రశ్నతోనే మొదలవుతాయి. అక్క అలా అడగ్గానే బావ కోడి, రొయ్యలు, చేపలు అంటూ ఏకరువు పెట్టేవాడు. అది విన్న మా వీధి మొత్తానికి అజీర్తి చేసేది.

మొన్న సెలవులకు వచ్చినప్పుడు ఎంత చిక్కిపోయాడంటే, దుర్గ్ స్టేషన్లో ముందు చొక్కా దిగింది, మనిషి తర్వాతి బండిలో వస్తాడేమో అనుకున్నాను.

అక్క వంకాయ ఎండుచేపల కూర వండి వడ్డించింది. బావ వేలితో అన్నం మధ్య గీత గీసి, ఇవతలి సగం తిని, అవతలి సగం మీద మూత పెట్టాడు.

"మూసేసినారేటి?" అంది అక్క.

"రాత్రికి" అన్నాడు, అలవాటు కొద్దీ.

"రాత్రికి వేరే వండుతాది బావా. మా అక్క అంత పిసినారి కాదు" అన్నాను. ఎవరూ నవ్వలేదు.

"మరి ఆ కోడీ, రొయ్యలూ?" అంది అక్క.

"హోటల్లో ఆర్డరివ్వడమని పిల్లలకి పాఠం ఉందిలే. అందులోవి. ఇంటికి పంపగా మిగిలిన జీతం గది అద్దెకే సరిపోతాది."

"అయితే అక్కడ ఒంటిపూటేనా?"

"అబ్బే, జీతం పడిన వారం రెండు పూటలూ తింటాను."

సెలవు అయిపోయి పెట్టె సర్దుతుంటే అక్క "మరి ఎల్లకండి" అంది.

"మన పాప కాలేజీ ఫీజు ఎవులు కడతారు?" అని వెళ్లిపోయాడు. ఇప్పుడు అక్క కూర సంగతి అడగదు.

మిగతావి పెంచి రాశాను గానీ, కల్పించింది ఆ రెండు పూటల మాట ఒక్కటే. ఒంటిపూటేనా అని అక్క అడిగినప్పుడు, ఆయన తల దించుకుని చెయ్యి కడుక్కోవడానికి లేచిపోయాడు.