నాంపల్లి బస్సు పడవైన రోజు

పెళ్లయిన రెండో ఏడు. మూడు నెలల పాపతో అబిడ్స్‌లో డబుల్ డెక్కర్ ఎక్కాను. కుండపోత వాన. కాలువైపోయిన రోడ్డులో పడవలా సాగిన బస్సు నాంపల్లి దగ్గర ఆగిపోయింది. కింది అంతస్తులో, మా ఆడవాళ్ల సీట్ల దాకా నీళ్లొచ్చాయి. పై అంతస్తుకు మేమెప్పుడూ ఎక్కేవాళ్లం కాదు. అది మగవాళ్ల రాజ్యం.

"మొగోళ్లంత కిందికి దిగున్రి! అమ్మలు పైకి పోన్రి!" అని కండక్టర్ అరిచాడు.

మెట్లు దిగుతున్నవాళ్లు పాపను అందుకుని, ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి పైకి పంపేశారు. పాప కనబడలేదు. ఏడుస్తూ పైకెక్కాను.

"తీస్కో బిడ్డా, జర గూడ తడవలే" అంటూ షేర్వానీ వేసుకున్న పెద్దాయన పాపను నాకిచ్చి, తానూ నీళ్లలోకి దిగాడు.

గంట తర్వాత వాన తగ్గి నేను దిగేటప్పుడు కూడా వాళ్లంతా మోకాళ్లలోతు నీళ్లలోనే నిలబడి ఉన్నారు. ఏడుపులో ఒక్కరికీ కృతజ్ఞతలు చెప్పలేదు. అందుకే ఇన్నేళ్లకు, వాళ్లలో ఎవరైనా చదువుతారేమోనని ఈ ఉత్తరం.