ఎదుటి గోడ మీది నది

మోంపోస్ ఊళ్లో పటాలు కట్టే ఎవరిస్తో తాత చదివింది రెండో తరగతి. మేయరింటి పటాలు కట్టింది తనే, బిషప్పుగారిదీ తన చేతి పనే అని కనపడిన వాళ్లందరికీ చెబుతాడు. పక్షవాతంతో మంచం పట్టిన భార్య మతిల్దె కోసం, ఫ్రెంచి చిత్రకారుడి నది బొమ్మకు అద్దం బిగించి ఎదుటి గోడకు తగిలించాడు.

“నది ఎలా ఉందే?” అని రోజూ అడిగేవాడు.

“కళ్లకు చల్లగా ఉందయ్యా,” అనేది.

ఆమె పోయినప్పుడు ఆచారం ప్రకారం గోడవైపు తిప్పేసిన పటాన్ని, ప్రార్థనలు ముగిసిన మర్నాడు పొరుగింటి నికనోర మళ్లీ ఇటు తిప్పింది.

“ఇంక చూసుకో మొనగాడా, వంకర లేదుగా?”

“నా చేతి పటం ఏనాడైనా వంకర పోయిందటే?” అంటూ తాత మతిల్దె తలగడ మీద వాలాడు. కిటికీ వెలుగు పడి అద్దమంతా తెల్లగా మెరుస్తోంది. మెడ పక్కకు తిప్పితేగాని నది కనపడలేదు.

మతిల్దెకు మెడ తిరిగేది కాదు.