చిరుత కోసం ఉంచిన మేకు

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున్నే ఫరీదాబాద్ నుంచి ఆంటీ ఫోన్ చేసింది. "అంకుల్ వెళ్ళిపోయారే. కాఫీ కలపమన్నారు, కలిపి తెచ్చేలోపు..." అంది. ఇందిరాపురంలో మా బాల్కనీలో నిలబడి ఆ మాట విన్నాను. తెరిస్తే మూతపడని నోరని నాకు పేరు. ఆ రోజు మాత్రం "వస్తున్నా ఆంటీ" అని ఫోన్ పెట్టేసి చెప్పులేసుకున్నాను.

ఆయన నాకు చుట్టం కాదు. ఎనభైల మొదట్లో సివిల్స్ రాస్తానని కాకినాడ నుంచి ఢిల్లీ వచ్చి, పక్కనే ఫరీదాబాద్‌లో వాళ్ళ మేడ మీది గదిలో అద్దెకు దిగాను. ఆయన ఫ్యాక్టరీలో ఫోర్‌మన్. వారమంతా మిషన్ల మోతలో ఉండి, ఆదివారం మాత్రం మొదటి బస్సుకి కెమెరా తగిలించుకుని ఆరావళి గుట్టల్లోకి పోయేవారు. చిరుత కోసం. ఢిల్లీ పక్కన చిరుతలేమిటని మీరు నవ్వుతారేమో, నేనూ నవ్వాను. "నవ్వు నవ్వు. అదీ పొదలోంచి మనల్ని చూసి నవ్వుకుంటూనే ఉంటుంది" అన్నారాయన.

హాల్లో గోడ నిండా ఆయన తీసిన ఫొటోలే. నీల్‌గాయ్, నక్క, వానలో తడిసిన నెమలి. నడిమధ్యన ఒక మేకు మాత్రం ఖాళీగా ఉండేది. "అది దానిది" అనేవారు. దుమ్ములో చిరుత అడుగు కనిపిస్తే దాని మీద గాజుపలక పెట్టి, స్కెచ్ పెన్నుతో అంచులు గీసుకొచ్చేవారు. గాజు ఎక్కడిదనుకున్నారు? వంటింటి కిటికీది! "చలికి వీపు గడ్డకట్టిపోతోంది, మీ పులికేం తెలుసు!" అని ఆంటీ సణిగేది. ఆయన "అచ్ఛా, అచ్ఛా" అంటూ ఆ కిటికీకి అట్ట అతికించేవారు. అది ఊడిపోయేది, మళ్ళీ అతికించేవారు.

నన్ను ఆయన వెంట పంపింది ఆంటీయే. "గదిలో పుస్తకాల మధ్య బూజు పట్టిపోతున్నావు, పో" అని. మొదటి నాలుగైదు ఆదివారాలు నా వాగుడికి ఉడత కూడా బయటికి రాలేదు. ఆయన ఒక్కసారీ కసరలేదు. ఫ్లాస్కులోంచి టీ పోసిచ్చి, "తాగు. తాగినంతసేపైనా ఊరుకుంటావు" అనేవారు. తిరిగొచ్చేటప్పుడు నేను విసుక్కుంటే, "మనకి కనబడలేదు గానీ మనం దానికి కనబడే ఉంటాం. సగం పని అయినట్టే" అనేవారు. ఆ గుట్టలు ఇప్పటికీ నా కలల్లోకి వస్తాయి. మంచులో మునిగిన తుమ్మచెట్లు, ఎక్కడో రాయి దొర్లిన చప్పుడు, ఎంత నడిచినా తరగని బాట. కలలో కూడా ఆయన నాకంటే నాలుగడుగులు ముందే నడుస్తుంటారు.

ఇక అసలు సంగతి. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

ఆ ఆదివారం ఆయన కుడిచేతి బొటనవేలికి పెద్ద కట్టు, ఫ్యాక్టరీలో నలిగింది. బస్టాపులో కెమెరా నా చేతికిచ్చి రీలు ఎక్కించమన్నారు. ఆయన నేర్పిన పద్ధతి ఒకటుంది. మూత వేసి, మీట లాగి, ఎడమవైపు నాబ్ తిరుగుతోందో లేదో కళ్ళతో చూసుకోవాలి. అది తిరిగితేనే లోపల ఫిల్ము కదిలినట్టు. నేనేమో పరీక్ష గురించి ఏదో వాగుతున్నాను. "నాబ్ తిరిగిందా?" అన్నారు. "తిరిగింది అంకుల్" అన్నాను. నేను చూడనేలేదు.

వదిలేసిన రాళ్ళగనిలో ఆకుపచ్చటి నీళ్ళు నిలిచి ఉన్నాయి. ఈ ఒడ్డున బండ చాటున కూర్చున్నాం. అప్పుడే వెలుగు వస్తోంది. నెమలి ఒకటి గట్టిగా అరిచి, ఆగిపోయింది. అంతే, అవతలి ఒడ్డున అంతకుముందు ఏమీ లేని చోట చిరుత ఉంది. అది వచ్చిన అలికిడే లేదు. వంగి నీళ్ళు తాగింది. నాలుక తగిలిన చోటి నుంచి చిన్నచిన్న అలలు మా కాళ్ళ దాకా వచ్చాయి. నా పక్కన రెండు క్లిక్కులు వినిపించాయి. ఆ తర్వాత ఆయన కెమెరా ఒళ్ళో పెట్టుకుని ఊరికే చూస్తూ కూర్చున్నారు. ఎందుకు తీయడం లేదో అడగాలని కూడా నాకు తోచలేదు. ఎంతసేపు గడిచిందో తెలియదు. అది తలెత్తి మా వైపు ఒకసారి చూసి, తొందరేమీ లేనట్టు గుట్టెక్కి వెళ్ళిపోయింది.

మార్కెట్లో స్టూడియో అతను కడిగిన రీలు చూపించాడు. మొదట్లో కాస్త నల్లటి ముక్క, మిగతాదంతా గాజులా ఖాళీ. "రీల్ ఆగే బఢీ హీ నహీ, సాబ్" అన్నాడు, రీలు ముందుకి కదలనే లేదని. నేను చూడని నాబ్ గుర్తొచ్చింది. ఇంటికొచ్చాక ఆయన ఆంటీతో, "ఈ కట్టుతో రీలు సరిగ్గా ఎక్కించలేకపోయాను" అన్నారు. నేను అక్కడే ఉన్నాను, నోరు విప్పలేదు. అవసరానికి రాని నోరు ఎందుకు, తగలెయ్యడానికా!

తర్వాత కూడా ఆయన ఏళ్ళ తరబడి వెళ్ళారు. పొద దాటుతున్న తోక ఒకసారి, మసక వీపు ఒకసారి, అంతే. అవి గోడెక్కే ఫొటోలు కావు. నాకు పరీక్ష పోయింది, అశోకా రోడ్‌లో ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది. వాళ్ళింటికి వెళ్ళిన ప్రతిసారీ చెప్పేద్దామనుకునేదాన్ని. ఆ మేకు చూడగానే ఇంకేదో వాగేసేదాన్ని.

పన్నెండో రోజు అయ్యాక ఆంటీ ఒక కవరు నా చేతిలో పెట్టింది. "తన తర్వాత నీకివ్వమని ఎప్పుడో అన్నారు" అంది. లోపల ఆ ఖాళీ ఫిల్ము, ఒక కాగితం. ఆయన గుండ్రటి రాత.

"రెండో క్లిక్కుకే నాబ్ తిరగడం లేదని చూశాను. మూత తీస్తే ఆ చప్పుడుకి వెళ్ళిపోతుంది. పిల్ల మొదటిసారి నోరు మూసుకుని చూస్తోంది. చూడనిచ్చాను."

ఎన్నేళ్ళో ఎదురుచూసిన చిరుతను ఆయన నాకిచ్చేశారు. నేను దాచానని కుమిలిపోయిన తప్పు, ఫొటో తీస్తున్న క్షణంలోనే ఆయనకు తెలుసు. భోరున ఏడ్చాను. ఏడుస్తూనే ఆంటీకి నాబ్ సంగతీ, నా అబద్ధమూ అన్నీ చెప్పేశాను.

"నాకు ఆ రోజే తెలుసులే" అంది ఆంటీ. "ఆ కట్టు చేత్తో చొక్కా గుండీలే పెట్టుకోలేకపోతే నేను పెట్టి పంపాను. రీలెక్కడ ఎక్కిస్తారే ఆయన!"

ఫిల్మును ఆ మేకుకి తగిలించాం. అట్ట మళ్ళీ ఊడిన వంటింటి కిటికీలోంచి ఎండ వచ్చి, ఆ ఖాళీ ఫిల్ములోంచి దూరి గోడ మీద చిన్న వెలుగు పడింది. ఫ్యాన్ గాలికి అది మెల్లగా కదులుతోంది. ఇద్దరం నోరెత్తకుండా దాన్నే చూస్తూ కూర్చున్నాం.