ట్యాంకు ముక్కు

నాకు నోటికన్నా చెయ్యి ముందు లేస్తుందని మా ఇంట్లో అందరూ అనేవారు. నిజమే, దాచుకోవడానికేముంది! అరవయ్యో దశకం చివర్లో మాకు మిలిటరీ వేలంలో కొన్న పాత పికప్ బండి ఉండేది. శృంగవరపుకోట సంతలో చింతపండు ఎత్తుకుని చీపురుపల్లి స్టేషనుకి తోలేవాళ్లం. బండి నడిపేది నేను, పక్కన కూర్చుని నన్ను తిట్టేది మా నాన్న. ఆ దారిలో కంకరరాళ్లకీ తుమ్మముళ్లకీ టైరు పంక్చరు కాని రోజే పండగ. అతుకు వేశాక చేతిపంపుతో గాలి కొట్టేసరికి రెక్కలు ముక్కలయ్యేవి. ఒకరోజు ఎండలో ఒళ్లు మండి ఆ పంపుని రాతికేసి బాది బాది రెండు ముక్కలు చేశాను. ఆ తర్వాత గాలిలేని బండి దగ్గర సాయంత్రం దాకా నిలబడ్డాను.

అది విని మా అక్క మొగుడు పడీపడీ నవ్వాడు. బావకి చీపురుపల్లిలో రేకుల షెడ్డు, అందులో వెల్డింగు పని. షెడ్డు వెనకే ఇల్లు. నాగలి కర్రు దగ్గర్నుంచి లారీ బాడీ దాకా ఏది విరిగినా ఆయన కుడిచేతి కిందికే వచ్చేది. అక్క ఇంట్లో పొయ్యి వెలిగేదీ, ముగ్గురు పిల్లలు అన్నం తినేదీ ఆ చేతి మీదే.

“పంపుని సంపీసినావు గదరా, ఇంక బండికే ఊపిరెట్టీద్దాం,” అన్నాడు.

బళ్లకి రంగులు కొట్టే షాపు ఒకటి మూతపడితే, అక్కణ్నుంచి గాలి పట్టే పాత కంప్రెసరు తెచ్చి ఇంజను పక్కన బిగించాడు. ఫ్యాను పుల్లీ నుంచి దానికి బెల్టు వేశాడు. లావుపాటి ఇనప గొట్టానికి రెండు చివర్లా మూతలు అతికి ట్యాంకు చేశాడు. ఇంజను తిరుగుతుంటే గాలి అందులో నిండుతుంది. ఎంత నిండిందో చూపించే మీటరు మాత్రం ఎక్కడా దొరకలేదు. ట్యాంకు నెత్తిన చిటికెనవేలంత ఇత్తడి వాల్వు పెట్టాడు. గాలి ఎక్కువైతే అదే తెరుచుకుని కూస్తుంది.

“ఒరే, ఇది దీని ముక్కు. కూసిందంటే కడుపు నిండినట్టు. ఎంటనే బెల్టు తీసీయాల. తెలిసిందేటి?”

“తెలిసింది బావా, నేనేటి సిన్నపిల్లోడినా?”

దసరాకి ఆయుధపూజ వచ్చింది. ఉత్త పసుపైతే వానకి కారిపోతుందని బియ్యప్పిండి కలిపి గట్టి ముద్ద చేశాను. ఆ తెలివి నాదే. స్టీరింగుకి, చక్రాలకి, ఇంజనుకి బొట్లు పెట్టాను. ట్యాంకు కొత్తది కదా అని, దాని నెత్తిన మెరుస్తున్న ఇత్తడికి ఇంకాస్త దట్టంగా పట్టించాను. గుమ్మడికాయ పగలగొట్టి దండం పెట్టుకున్నాను.

రెండ్రోజుల తర్వాత మధ్యాహ్నం పూట, చీపురుపల్లి ఇంకో మైలు ఉందనగా వెనక టైరు పోయింది. అతుకు వేసి, బెల్టు తగిలించి, ఇంజను స్టార్టు చేశాను. కూత కోసం చూస్తున్నాం. ఎంతకీ కూయదు. నాన్న దిగి ట్యాంకు పక్కన చెవి ఒగ్గి నిలబడ్డాడు.

“ఇది నిండదురా. మీ బావ అతుకు ఎక్కడో కారతన్నాది. ఇంకా తొక్కు,” అన్నాడు.

తొక్కాను.

పేలింది. చెవులు దిబ్బళ్లు పడ్డాయి. ట్యాంకు మూత బండి పక్కరేకుని చీల్చుకుని, నాన్న కాలిని తన్నుకుని పొలంలో పడింది. మోకాలి కింద ఎముక తెల్లగా బయటికొచ్చింది. రోడ్డు మీద, చింతపండు బుట్టల మీద, నా చొక్కా మీద రక్తం. నాన్న నన్ను ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. దానికే నాకు ఎక్కువ భయం వేసింది.

అటుగా వచ్చిన ఎడ్లబండిలో ఆయన్ని ఆసుపత్రికి పంపాను. అరికాలి మంట నెత్తికెక్కింది. టైరు ఊడదీసే ఇనప లీవరు పట్టుకుని షెడ్డుకి పరిగెత్తాను.

బావ నల్లద్దాలు పైకెత్తి, “ఏటైందిరా?” అన్నాడు.

“నీ అతుకు మా నాన్నని సంపీసిందిరా!” పుట్టాక మొదటిసారి బావని ‘రా’ అన్నాను.

భుజం మీద కొట్టాను. పడ్డాడు. వీపు మీద కొట్టాను.

“ఒరే, ముక్కు కూసిందా? అదొక్కటి సెప్పు! కూసిందా?”

సాకు వెతుక్కుంటున్నాడనుకున్నాను. తల కాచుకోవడానికి కుడిచెయ్యి అడ్డం పెట్టాడు. లీవరు మణికట్టు మీద పడింది. ఎండుకొమ్మ విరిగినట్టు వినిపించింది. అయినా ఆగలేదు. అక్క వచ్చి నా మొహం గోళ్లతో రక్కి, జుట్టు పట్టుకుని ఈడ్చింది. నలుగురు కలిసి నన్ను రోడ్డు మీదికి తోశారు.

బండి దగ్గరికి తిరిగి వెళ్లాను. చీలిన ట్యాంకు నెత్తిన వాల్వు చెక్కుచెదరకుండా ఉంది. దాని నోట్లో, స్ప్రింగు సందుల్లో, ఇంజను వేడికి ఎండి బిగిసిపోయిన పసుపు. గోటితో గీకాను, రాలేదు. నేను పెట్టిన బొట్టే. ముక్కు మూసేస్తే ఏ అతుకు మాత్రం ఎంతకని ఆపుతుంది? ఛీ, నా బతుకు! రోడ్డు మధ్య కూలబడి ఏడ్చాను.

నాన్న కుంటుతూ బతికాడు. బావ మణికట్టు అతుక్కుంది గానీ వేళ్లు మళ్లీ ముడుచుకోలేదు. ఆ వాల్వు తీసుకెళ్లి ఆయన ముందు పెట్టాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అది. ఆయన దాన్ని ఎడమచేత్తో తిప్పి తిప్పి చూశాడు.

“రేపట్నుంచి షెడ్డుకి రా,” అన్నాడు. అంతే.

బండి అమ్మేశాను. ఆయన పక్కన కూర్చుని చెప్పేవాడు, నేను అతికేవాడిని. తప్పు చేస్తే ఎడమచేత్తో నెత్తిన మొట్టేవాడు. ఆ దెబ్బలు పడేవాడిని.

మళ్లీ దసరా వచ్చింది. ఏడాదిగా నాతో ఒక్క మాటైనా మాట్లాడని అక్క, షెడ్డులో పీట వేసి సుత్తులు, స్పానర్లు, వెల్డింగు టార్చి వరసగా పేర్చి బొట్లు పెట్టింది. అన్నీ అయ్యాక నా కుడిచెయ్యి పట్టి లాగి, పీట మీద వాటి పక్కన పెట్టింది. పసుపు రాసి, కుంకుమ అద్దింది.

“ఇది మీ బావ సెయ్యిరా,” అంది. “నీది కాదు.”