అపాయం లేదు

మా వీధి ట్రాన్స్‌ఫార్మర్‌కు నిన్న కొత్త బోర్డు కట్టారు: పుర్రె, కింద ‘అపాయం’. చూడగానే నాయన గుర్తొచ్చాడు.

అప్పుడు నాకు ఏడు నిండి ఎనిమిదో ఏడు పడింది. పుంగనూరు దగ్గర మా చేనిలో మోటారు వేయబోయి నాయన కరెంటు కొట్టి పడిపోయాడు.

“ముట్టుకోవద్దమ్మీ, నీకూ కొడతాది!” అని అమ్మ అరిచింది.

మదనపల్లె ఆసుపత్రిలోనూ నేను మంచానికి దూరంగా, ఒకచోట నిలవలేక తిరుగుతూనే ఉన్నాను. ఇక ముట్టుకోవచ్చని ఎవరూ చెప్పలేదు. మా మోటారు గది మీద ఇలాంటి బోర్డే చూసి, అపాయమంటే కరెంటే అనుకునేదాన్ని.

సాయంత్రం డాక్టరు వచ్చి, “అపాయం లేదమ్మా” అన్నాడు.

“యాడికి పోయింది సార్?” అన్నాను.

నాయన కళ్లు తెరిచి నవ్వాడు. “నిన్ను సూసి పారిపోయిందిలే. రామ్మీ!”

పరుగెత్తి ఆయన చెయ్యి పట్టుకున్నాను. వెచ్చగా ఉంది.

‘అపాయం’ అన్న మాటకు అసలు అర్థం తర్వాత బడిలో తెలిసింది. అయినా ఏ డాక్టరు ‘అపాయం లేదు’ అన్నా, ఇప్పటికీ ముందు మంచం మీది మనిషి చెయ్యి పట్టుకుని చూస్తాను.