చాచా జాగల బయటపడ్డ నది

కొత్తగ చదువైపోయిన పిల్లను నేనప్పుడు, తెలిసినదేదీ నా నోట్లె ఆగకపోయేది. భూగర్భశాస్త్రం చదివి పటాన్‌చెరుల మట్టి పరీక్షలు చేసే చిన్న ఆఫీసుల చేరిన. ఎవరన్న పునాది గుంత తవ్వితె, పోయి ఆ నేల ఎంత బరువు మోస్తదో చూసి చెప్పాలె. అంతవరకే నా పని. (అంతకుమించి ఎవరూ అడగకపోయేది, అడగకున్నా చెప్పుడు నా అలవాటు.)

ఒకనాడు సంగారెడ్డి అవతల, మంజీర నది దిక్కున్న ఎత్తు జాగకు పంపిన్రు. అది బట్టల దుకాణమాయనది. అందరూ చాచా అంటరు, నేనూ అన్న. ఫ్యాక్టరీల పనిచేసెటోళ్లకు కిరాయికిచ్చేటందుకు రూములు కట్టిస్తుండు. గుంతల దిగి చూస్తె నాకు సంబురమైంది. కింద కోడిగుడ్లంత నున్నటి గుండ్రాళ్లు, మీద మెత్తటి ఒండ్రు, దాని మీద మళ్ల గుండ్రాళ్లు. ఇప్పటి మంజీరేమో దూరంగ, పల్లంల పారుతున్నది. "చాచా, ఒకప్పుడు మీ జాగల నది పారింది," అని గుంతలనుంచే గట్టిగ చెప్పిన.

చాచా మొఖం తెల్లబడ్డది. చెరువు జాగల, వాగు జాగల కట్టిన ఇండ్లను సర్కారోళ్లు జేసీబీలతోని కూలగొడుతున్న రోజులవి. "మెల్లగ మాట్లాడు బేటా," అన్నడు. అప్పటికే మేస్త్రీ విన్నడు, పక్క ప్లాటాయన విన్నడు. పొద్దుగూకేటాలకు అది నది జాగనంట అని బజారంత పాకింది. తెల్లారి పని బందు. మా ఆఫీసు సారు, "బరువు మోస్తదా అని అడిగిన్రు, జాతకం అడగలే," అని నన్నే మళ్ల పంపిండు.

గుంత చుట్టు చాచా, చాచీ, పక్క ప్లాటాయన నిలబడ్డరు. "పరేషాన్ చేసినవు, ఇగ నువ్వే చెప్పు. ఆ నది ఎప్పటిది?" అన్నడు చాచా.

"వేల ఏండ్ల కిందటిది. అది నేలను కోసుకుంట లోతుకు దిగిపోయింది, దాని పాత ఒడ్డు ఇట్ల మీద మిగిలింది."

"మళ్ల వచ్చే ఆలోచన ఉన్నదా దానికి?"

"లేదు చాచా."

అక్కడ ఆపితే అయిపోయేది. నేను ఆపలే. మెత్తటి మట్టి నెమ్మదిగ పారే నీళ్లల్ల పడ్తదని, ఇంత పెద్ద రాళ్లు రావాలంటె నీళ్లకు జోరుండాలని మొదలువెట్టిన. "వానలు పెరిగి జోరొచ్చిందో, ఎగువన భూమి లేచి వాలు పెరిగి వచ్చిందో."

"భూమి లేస్తదా?" అని పక్క ప్లాటాయన గుంతకు దూరం జరిగిండు.

"లేస్తది గని, మన గోరు పెరిగినంత జల్దీ కూడ లేవదు."

"వానా, భూమా? ఒక్కటి చెప్పు," అన్నడు చాచా. రెండూ కలిసే కావచ్చని, ఈ ఒక్క గుంతను చూసి చెప్పలేనని గొణిగిన.

చాచీ నవ్వింది. "మొగుడుపెండ్లాల లొల్లి గిట్లనే ఉంటది బేటా. పగిలిన గిన్నెలు కనబడ్తయి, ఎవరు మొదలువెట్టిన్రో ఎవలు చెప్తరు?" చాచా కూడ నవ్విండు. తర్వాత సర్వేయర్ వచ్చి, ఊరి నక్షా పటంల అక్కడ వాగే లేదని తేల్చినంక రూములు లేచినయి.

మొన్న ఆ దారిన పోతుంటె చాయ్ తాగిపొమ్మన్నరు. "ఇప్పటికన్న తెలిసిందా, వానా, భూమా?" అని అడిగిండు చాచా. ఈ నడుమ ఎన్నో గుంతలు చూసిన, ఎన్నో ఒండ్రు పొరలు చదివిన. "తెల్వదు చాచా," అన్న. ఆనాడు అదే మాటను అటుదిప్పి ఇటుదిప్పి గొణిగిన. ఇప్పుడు చాయ్ ఊదుకుంట హాయిగ అనేసిన. గుంతల నిలబడి ఒక్క చూపుకే నేలంత తెలిసిపోయిందనుకున్న ఆనాటి నాలోని పిల్ల మీద నవ్వొచ్చింది. జెర ఈర్ష్య కూడ అయింది.